లేని చేతికి వెళ్ళే ఆజ్ఞ

పిల్లలూ! ఈ పేజీ చదవడం ఒక్క నిమిషం ఆపి నేను చెప్పిన పని చెయ్యండి. కుడి చొక్కా చెయ్యి పైకి మడవండి. ఎడమ చేత్తో కుడి ముంజేతిని మోచేతికి కాస్త కిందగా, గట్టిగా నొక్కకుండా చుట్టి పట్టుకోండి. ఇప్పుడు కుడి పిడికిలి బిగించండి. విప్పండి. మళ్ళీ బిగించండి. ఎడమ అరచేతి కింద ఏదో ఉబ్బుతోంది, సడలుతోంది కదూ!

మూసుకున్నవి వేళ్ళు. ఉబ్బింది మాత్రం మోచేతి దగ్గర. ఎందుకని? వేళ్ళను గట్టిగా ముడిచే కండరాలు వేళ్ళలో లేవు. అవి ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి తాళ్ళవంటి స్నాయుబంధకాలు మణికట్టు మీదుగా వేళ్ళ ఎముకల దాకా సాగి ఉన్నాయి. బొమ్మలాటలో బొమ్మ తెర ముందు ఆడుతుంది, ఆడించేవాడు తెర వెనక ఉంటాడు. మన వేళ్ళ సంగతీ అంతే. (బొటనవేలిని నానా విధాలుగా తిప్పే చిన్న కండరాలు కొన్ని అరచేతిలోనే ఉన్నాయి. బొటనవేలి మొదట కండగా కనిపించే భాగం అదే.)

పాతికేళ్ళకు పైగా ఈ పాఠం చెబుతున్నాను. అయినా అవసరమైన రోజున నాకే గుర్తు రాలేదు. అనకాపల్లి వైపు మా ప్రాంతంలో సంక్రాంతి రోజులంటే బెల్లం వండే కాలం. ఒక ఏడు, తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు సెలవుల్లో చెరకు గానుగకు గడలు అందిస్తున్నాడు. గడతోపాటు కుడిచెయ్యి రోలర్ల మధ్యకు పోయింది. ప్రాణం దక్కింది కాని, మణికట్టుకు పైన చెయ్యి తీసివేయవలసి వచ్చింది. రెండు నెలల తరువాత బడికి వచ్చి, ఎడమచేత్తో వంకర అక్షరాలు రాయడం మొదలుపెట్టాడు. ఒకరోజు అందరూ వెళ్ళిపోయాక నా దగ్గరకు వచ్చి, “మాస్టారూ, నా కుడిచెయ్యి ఇంకా ఉన్నట్టే ఉందండి. పిడికిలి బిగించుకోవాలనుకుంటే బిగుసుకుంటోందండి” అన్నాడు.

ధైర్యం చెబుతున్నాననుకుని, “అదంతా భ్రమరా. దాన్ని తలుచుకోకు. ఎడమచెయ్యి మీద మనసు పెట్టు” అన్నాను.

నేను చెప్పినదాంట్లో సగం తప్పు. ఆ తప్పు ఏమిటో తెలియాలంటే ఒక ఆజ్ఞ వెంట మనం కొంతదూరం ప్రయాణం చెయ్యాలి.

“పిడికిలి బిగించు” అనుకోగానే మెదడులో చేతికి సంబంధించిన భాగం నుంచి ఒక వార్త బయలుదేరుతుంది. అది వెన్నుపాములోకి దిగి అక్కడి నాడీకణాలకు అందుతుంది. ఆ నాడీకణాల పొడవాటి పోగులు మెడ దగ్గర వెన్నుపామును విడిచి, భుజం మీదుగా ముంజేతి కండరం దాకా వస్తాయి. ఒక్కొక్క పోగు చివర శాఖలుగా చీలి, అనేక కండరపు పోగులను అంటుకుంటుంది. పడవ లాగేవాళ్ళలో ఒకడు “హైలెస్సా” అనగానే జట్టంతా ఒక్కసారి లాగుతుంది చూడండి, అలాగే ఒక నాడీకణం కింద పనిచేసే కండరపు పోగులన్నీ ఒక్కసారే ముడుచుకుంటాయి. ఈ జట్టును మోటారు యూనిట్ అంటారు. కొంచెం బలం కావాలంటే కొన్ని జట్లే లాగుతాయి. ఎక్కువ కావాలంటే ఇంకా జట్లు వచ్చి చేరతాయి, అవి లాగే జోరు కూడా పెరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. పని లేకుండా ఉన్న కండరపు పోగు పొరకు లోపలి వైపు, బయటి వైపుకంటే ఋణాత్మకంగా ఉంటుంది. ఆ తేడా వోల్టులో పదోవంతుకన్నా కాస్త తక్కువ. వార్త అందగానే పొరలో సన్నని ద్వారాలు తెరుచుకుని సోడియం అయాన్లు లోపలికి దూసుకువస్తాయి. ఆ చోట లోపలి వైపు క్షణకాలం ధనాత్మకమవుతుంది. ఈ మార్పు సెకనుకు సుమారు 4 మీటర్ల వేగంతో పోగు పొడవునా పాకుతుంది. దాని వెనుకనే పోగు ముడుచుకుంటుంది. అంటే కండరం కదిలిన ప్రతిసారీ, కదలికకు ఒక్క క్షణం ముందు, అక్కడ విద్యుత్తు పుడుతుందన్నమాట.

చెయ్యి మణికట్టు పైన తెగినా మెదడు ఉంది, వెన్నుపాము ఉంది, నాడి ఉంది, ముంజేతిలో కండరం ఉంది. తాడు చివర బొమ్మ ఒక్కటే లేదు. కనుక మా కుర్రవాడు “పిడికిలి బిగుసుకుంటోంది” అన్నప్పుడు ఆజ్ఞ నిజంగానే బయలుదేరింది, ముంజేతి దాకా నిజంగానే వచ్చింది, కండరం నిజంగానే ముడుచుకుంది. వాడి ముంజేతిని ఇందాక మీరు పట్టుకున్నట్టు నేను పట్టుకుని చూసి ఉంటే నా చేతికే తెలిసేది. పట్టుకోలేదు.

కండరంలో విద్యుత్తు ఉందని 18వ శతాబ్దం చివరలో ఇటలీ దేశపు గాల్వాని కప్పకాళ్ళతో చేసిన ప్రయోగాల నుంచే శాస్త్రజ్ఞులు వాదించుకుంటున్నారు. బతికున్న మనిషి తన ఇష్టప్రకారం కండరం బిగించినప్పుడు పుట్టే విద్యుత్తును చూపినవాడు మాత్రం బెర్లిన్ నగరానికి చెందిన ఎమిల్ డ్యు బోయిస్ రేమాండ్. అది 1849 ప్రాంతపు మాట. ఆయన సన్నని తీగను వేల చుట్లు చుట్టి, అతి సూక్ష్మమైన కరెంటుకు కూడా ముల్లు కదిలే గాల్వనామీటరును తయారుచేసుకున్నాడు. ఉప్పునీళ్ళ పాత్రలు రెండింటిలో రెండు చేతుల వేళ్ళూ ముంచి, ఒక చేతిని బిగించాడు. ముల్లు కదిలింది. కాని చాలా కొద్దిగా! కరెంటుకు చర్మం అడ్డుపడుతోందని ఊహించాడు. అందుకని ముంజేతుల మీద బొబ్బలు ఎక్కించుకుని, ఆ చర్మం తీసివేసి, పచ్చిపుండు మీదనే తడి సంధానం పెట్టుకుని మళ్ళీ ప్రయోగం చేశాడు. ముల్లు బాగా కదిలింది. ఆయన పట్టుదలను మెచ్చుకుందాం గాని, మీరెవరూ ఆ పద్ధతి అనుసరించవద్దు సుమా!

ఇప్పుడు చర్మం ఒలుచుకోనక్కరలేదు. చిన్న లోహపు బిళ్ళలను చర్మానికి ఆనిస్తే చాలు. వీటినే ఎలక్ట్రోడ్లు అంటారు. కాని చర్మం పైకి చేరేసరికి ఆ సంకేతం మహా అయితే కొన్ని మిల్లీవోల్టులు. చాలాసార్లు ఒక్క మిల్లీవోల్టు కూడా ఉండదు. మిల్లీవోల్టు అంటే టార్చిలైటు సెల్లు ఇచ్చే దానిలో 1,500వ వంతు. అందుకే దీన్ని ఆంప్లిఫయరుతో వెయ్యి రెట్లో, అంతకు ఎక్కువో పెంచుతారు.

పెంచితే సరిపోతుందా? సరిపోదు. ఇంట్లో గోడల నిండా కరెంటు తీగలున్నాయి. వాటిలో సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు పారుతోంది. మన ఒళ్ళు ఒక ఏరియల్ లాగా ఆ ఊపును పట్టుకుంటుంది. కండరపు సంకేతంకంటే ఈ గోల చాలా రెట్లు పెద్దది కావచ్చు. సంకేతాన్ని పెంచితే దానితోపాటు గోలా పెరుగుతుంది. మరి దీనికి ఉపాయం?

ఊళ్ళో జాతర జరుగుతోందనుకోండి. మైకు మోగుతోంది. మీరూ మీ స్నేహితుడూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మైకు ఇద్దరికీ ఒకే మాదిరిగా వినిపిస్తుంది. ఇంతలో ఎవరో మీ చెవిలో గుసగుసలాడారు. అది మీకు వినిపించినంతగా మీ స్నేహితుడికి వినిపించదు. ఇప్పుడు మీరు విన్నదాంట్లోంచి అతను విన్నది తీసివేస్తే మిగిలేది ఏమిటి? మైకు పోతుంది, గుసగుస మిగులుతుంది. కండరం మీద రెండు బిళ్ళలను సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలో పెడతారు. గోడ కరెంటు గోల రెండింటికీ దాదాపు ఒకటే. కండరపు విద్యుత్తు పోగు వెంట పాకుతూ వస్తుంది కాబట్టి ఒక్కో క్షణంలో ఒక్కో బిళ్ళకు ఒక్కో విధంగా అందుతుంది. ఆంప్లిఫయరు ఒకదానిలోంచి ఇంకోదాన్ని తీసివేసి, తేడాను మాత్రమే పెంచుతుంది. మూడో బిళ్ళ ఒకటి, రెండింటికీ ఉమ్మడి ఆధారంగా ఉంటుంది. నాకు ఈ యంత్రం మొత్తంలో ఎక్కువగా నచ్చిన భాగం ఇదే.

ఇంకో చిక్కుంది. వచ్చే సంకేతం పైకీ కిందికీ పిచ్చిగీతల్లా ఉంటుంది. ఉదాహరణకు వరుసగా +2, –3, +1, –2, +3, –1 అని వచ్చాయనుకోండి. కూడి చూడండి. సున్న! సగటు తీస్తే కండరం పనే చెయ్యనట్టు కనిపిస్తుంది. కాబట్టి ముందుగా ఋణ సంఖ్యలన్నింటినీ ధన సంఖ్యలుగా తిప్పేస్తారు. 2, 3, 1, 2, 3, 1. మొత్తం 12, సగటు 2. కండరాన్ని ఇంకా గట్టిగా బిగిస్తే ఈ సగటు పెరుగుతుంది. వదిలేస్తే దాదాపు సున్నకు దిగుతుంది. తిప్పే పని డయోడ్లు, సగటు తీసే పని కెపాసిటరు చేసేవి. నేడు చాలా చేతుల్లో ఈ లెక్కను చిన్న కంప్యూటరు చిప్పే చేసేస్తోంది.

ఇక మిగిలింది ఒక గీత గీయడం. సగటు ఆ గీతను దాటితే మోటారు తిరగాలి. దాటకపోతే ఊరుకోవాలి. గీత మరీ కింద ఉంటే తలదువ్వుకోబోయినా పిడికిలి మూసుకుపోతుంది. మరీ పైన ఉంటే మూయడానికే మనిషి అలిసిపోతాడు. ఎవరి గీత వాళ్ళది.

మామూలుగా ముంజేతి లోపలి వైపు ఒక జత బిళ్ళలు, వెలుపలి వైపు ఇంకో జత పెడతారు. లోపలి కండరం బిగిస్తే చెయ్యి మూసుకుంటుంది. వెలుపలి కండరం బిగిస్తే తెరుచుకుంటుంది. చాలా చేతుల్లో ఎంత గట్టిగా బిగిస్తే అంత వేగంగా కదులుతుంది. రెండూ ఒక్కసారి బిగిస్తే, కొన్ని చేతుల్లో, పని పిడికిలి నుంచి మణికట్టు తిప్పడానికి మారుతుంది. చేతిలో బాటరీతో తిరిగే చిన్న మోటారు, పళ్ళచక్రాలు ఉంటాయి. పాత రకపు చేతుల్లో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మాత్రమే కదులుతాయి. తక్కిన రెండూ రబ్బరు తొడుగులో ఊరికే వెంట వస్తాయి. ఇంకొక సంగతి. ఒకసారి మూసుకున్నాక కండరాన్ని వదిలేసినా చెయ్యి మూసుకునే ఉంటుంది. లేకపోతే సంచీ పట్టుకుని బజారు నుంచి ఇంటికి వచ్చేదాకా కండరం బిగించుకునే నడవాలి గదా!

ఇంత తెలిశాక ఇలాంటి చెయ్యి మొదట ఎవరు చేశారని మీకు సందేహం రావచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎంతోమంది చేతులు పోగొట్టుకున్నారు. ఆ రోజుల్లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో రైన్‌హోల్డ్ రైటర్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు కండరపు సంకేతంతో కదిలే చేతిని తయారుచేసి, 1948లో దాని వివరాలు ప్రచురించాడు. కాని అప్పటి ఆంప్లిఫయర్లు పాత రేడియోల్లో మాదిరి గాజు వాల్వులతో పనిచేసేవి. ఆ పరికరం బల్ల మీద ఉండవలసిందేగాని మనిషి మోసుకు తిరిగేది కాదు. రైటర్ పనిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. విచిత్రమేమిటంటే, అమెరికాలో ట్రాన్సిస్టరును లోకానికి ప్రకటించింది కూడా ఆ 1948లోనే! గోరంత ట్రాన్సిస్టరు గాజు వాల్వు పని చేస్తుంది, వేడెక్కదు, చిన్న బాటరీ చాలు. ఆ రెండింటినీ కలపడానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టింది. 1960 నాటికి సోవియట్ యూనియన్‌లో కోబ్రిన్‌స్కీ, ఆయన సహచరులు ట్రాన్సిస్టర్లతో, నడుముకు కట్టుకునే బాటరీలతో, ఒంటిమీద ధరించి తిరగగల చేతిని చూపించారు. దాన్ని బ్రిటన్, కెనడా దేశాలు కూడా తెప్పించుకున్నాయి. “రష్యన్ చెయ్యి” అనే పేరే దానికి స్థిరపడిపోయింది. తరువాత జర్మనీలోనూ ఇతర దేశాల్లోనూ కంపెనీలు తయారీకి పూనుకున్నాయి. 2007లో స్కాట్లండ్‌లో ఐ-లింబ్ అనే చెయ్యి వచ్చింది. దానిలో ఒక్కొక్క వేలికీ విడిగా మోటారు ఉంది. ఇప్పుడు మన హైదరాబాదు, ముంబయి నగరాల్లో కూడా యువ ఇంజనీర్లు ఇలాంటివి తయారుచేస్తున్నారు.

మా కుర్రవాడి దగ్గరకు వద్దాం. ఇంటర్ పూర్తయ్యాక, దాతల సాయంతో వాడికి ఇటువంటి చెయ్యి అమర్చే అవకాశం వచ్చింది. తోడుగా నేనూ వెళ్ళాను. అక్కడి టెక్నీషియన్ వాడి ముంజేతికి బిళ్ళలు ఆనించి, మీటరు చూస్తూ, “చెయ్యి మూసుకుంటున్నట్టు అనుకో బాబూ” అన్నాడు. ముల్లు లేచింది. “తెరుస్తున్నట్టు అనుకో” అన్నాడు. ముల్లు మినుకుమినుకుమంది, పడిపోయింది. బిళ్ళలు అటూ ఇటూ జరిపి చూశాడు. “ఈ కండరం బాగా పల్చబడిపోయిందండి. మూడేళ్ళుగా పని చెప్పనట్టున్నారు” అన్నాడు నాతో. వాడు నా వైపు చూశాడు. ఏమీ అనలేదు.

వాడకపోతే కండరం క్షీణిస్తుందని ఆరో తరగతి పిల్లలు కూడా చెబుతారు. లేని చేతిని రోజూ పది నిమిషాలు మూసి తెరవమని నేను ఆనాడు చెప్పి ఉంటే సరిపోయేది. తలుచుకోవద్దన్నాను. మీ ఊళ్ళో ఎవరికైనా ఇటువంటి ప్రమాదం జరిగితే, గాయం మానాక కండరాలకు ఏ కసరత్తు చేయించాలో డాక్టరును అడగమని వాళ్ళకు చెప్పండి. వాడు మీటరు ఎదురుగా, తరువాత ఇంటి దగ్గర, నెలల తరబడి సాధన చేశాడు. ముల్లు లేచింది. చెయ్యి వచ్చింది.

దాంతో కష్టాలన్నీ తీరిపోలేదు. మా తీరప్రాంతపు ఎండాకాలంలో తొడుగు లోపల చెమట పట్టి, బిళ్ళలు జారి, చెయ్యి తనంతట తానే తెరుచుకునేది. చలికాలపు ఉదయం చర్మం మరీ పొడిగా ఉంటే సంకేతమే అందేది కాదు. అప్పుడు తడిచేత్తో ఒకసారి తుడుచుకునేవాడు. నీళ్ళలో, బురదలో దానితో పని చెయ్యకూడదు. అందుకే వాడు పొలం పనికి భుజం కదలికతో తీగ లాగితే తెరుచుకునే పాతకాలపు ఇనుప కొక్కెమే తొడుక్కుంటాడు. నా ఉద్దేశంలో అది తెలివైన పని. కొక్కెం ధర తక్కువ, చెడితే ఊళ్ళోనే బాగుచేసుకోవచ్చు. పైగా తీగ బిగువు భుజానికి తెలుస్తుంది కాబట్టి, ఎంత గట్టిగా పట్టుకున్నదీ కొంత అర్థమవుతుంది.

మోటారు చేతికి లేనిది అదే, స్పర్శ. మన చేతిలో ఆజ్ఞ కిందికి పోతుంది, కబురు పైకి వస్తుంది. ఈ చేతిలో ఆజ్ఞ మాత్రమే పోతుంది. ఎలా ఉంటుందో తెలియాలంటే, చల్లగా ఉన్న పట్టకారు తీసుకుని, కళ్ళు మూసుకుని, ఒలిచిన అరటిపండును పట్టి ఎత్తి చూడండి. పండు నలిగిపోయిందో, జారిపోయిందో కళ్ళు తెరిస్తేగాని సరిగా తెలియదు. నిజానికి పట్టకారు ద్వారా మీ వేళ్ళకు కొంతైనా తెలుస్తుంది. వాడికి ఆపాటి కూడా తెలియదు. డెన్మార్క్ దేశస్థుడు ఒకరికి రోమ్ నగరంలో డాక్టర్లు చేతి నాడుల్లోనే ఎలక్ట్రోడ్లు అమర్చి, కృత్రిమ హస్తం వేళ్ళ మీది ఒత్తిడిని నాడులకు అందించారు. కళ్ళకు గంతలు కట్టినా వస్తువు గట్టిదో మెత్తదో అతను చెప్పగలిగాడు. ఆ ఫలితాలు 2014లో ప్రచురించారు. అదింకా మన ఊళ్ళ దాకా రాలేదు.

చెయ్యి భుజం దగ్గరే పోయినవారి మాటేమిటి? వారికి ముంజేతి కండరమే లేదు. కాని నాడి ఉంది! 2002లో అమెరికాలోని షికాగోలో టాడ్ కుయికెన్ అనే డాక్టరు, ఆయన బృందం, కరెంటు ప్రమాదంలో రెండు చేతులూ పోయిన జెస్సీ సలివన్ అనే లైన్‌మన్‌కు ఆ నాడులను ఛాతీ కండరాలకు కలిపారు. కొన్ని నెలలకు నాడులు ఆ కండరంలోకి పెరిగాయి. “పిడికిలి మూసుకో” అని అతను అనుకుంటే ఛాతీలో ఒక ముక్క అదిరేది. అక్కడ బిళ్ళలు పెట్టి, కృత్రిమ హస్తాన్ని నడిపించారు.

ఇదంతా చదివాక మీలో కొందరికి పాత రేడియో ఆంప్లిఫయరుతో ప్రయోగం చెయ్యాలనిపిస్తుంది, నాకు తెలుసు. గోడ ప్లగ్గుకు తగిలించిన ఏ పరికరం తీగనూ ఒంటికి తగిలించవద్దు. ప్రాణం పోతుంది.

కిందటి ఏడు సైన్సు దినోత్సవానికి మా కుర్రవాడిని బడికి పిలిచాను. పిల్లలు చుట్టూ మూగారు. స్టీలు గ్లాసు పట్టుకున్నాడు, బల్ల మీది డస్టరు ఎత్తి చూపాడు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె, “అన్నయ్యా, చూడకుండా పట్టుకోగలవా?” అని అడిగింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. “మోటారు చప్పుడు విని చెబుతానమ్మా. బరువు పడితే దాని కూత మారుతుంది” అన్నాడు. ఎవరో వాడి వేళ్ళ మధ్య చాక్‌పీసు పెట్టారు. తరగతి అంతా నిశ్శబ్దం. మోటారు సన్నగా కూసింది, కూత మారింది, వాడు ఆపాడు. కాస్త ఆలస్యమైంది. చాక్‌పీసు రెండు ముక్కలై కిందపడింది.

“ఇంకోటి ఇవ్వు” అన్నాడు, కళ్ళు తెరవకుండానే.